క్లచ్ పెడల్ చెప్పే సాక్ష్యం

ఇంగ్లాండులోని ఒక చిన్న పట్టణం. ఆదివారం ఉదయం. కూడలిలో ఎర్రదీపం వద్ద ఒక పాత ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఆగి ఉంది. నడుపుతున్న పెద్దమనిషి మొదటి గేరు వేసి, క్లచ్ పెడల్‌ను నేలకు ఆనేదాకా తొక్కిపట్టి, పచ్చదీపం కోసం ఎదురుచూస్తున్నాడు. ఎదుట తెల్లచారల మీద ఒక తల్లి పిల్లవాడి చేయి పట్టుకుని రోడ్డు దాటుతోంది. ఆ క్షణంలో, ఆయన కాలు కదపకుండానే, కారు మెల్లగా ముందుకు జరిగింది. ఒక అడుగు. మరో అరడుగు. ఆయన ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. తల్లి వెనుదిరిగి చూసి, పిల్లవాణ్ణి దగ్గరకు లాక్కుని వెళ్ళిపోయింది.

ఈ దృశ్యం కల్పితం. కాని ఇందులోని ప్రమాదం కల్పితం కాదు. క్లచ్ పూర్తిగా విడిపోని కారు ఎప్పుడైనా ఇలా ప్రవర్తించగలదు. దాని తరువాత జరిగేది కూడా ఊహించడం కష్టం కాదు. కారును మరమ్మతు షెడ్డుకు తీసుకుపోతే, అక్కడివాడు రెండుసార్లు పెడల్ తొక్కి చూసి, "క్లచ్ పోయింది, ఇంజను దించాలి" అంటాడు. ఆ మాట నిజం కావచ్చు. కాని చాలా సందర్భాలలో అది తొందరపాటు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం వంటిది.

పెడల్ తన జబ్బును తానే చెబుతుంది. ఆ సాక్ష్యాన్ని వరుస తప్పకుండా, చౌకైన కారణం నుంచి ఖరీదైన కారణం వైపు విచారిస్తే, ఇంజను దించవలసిన అవసరం ఉన్నదీ లేనిదీ ముందే తేలిపోతుంది.

అంబాసిడర్‌కు దగ్గరి చుట్టం

ఎం.జి.బి. 1962లో మార్కెట్టుకు వచ్చింది. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ నగరానికి సమీపంలోని ఆబింగ్‌డన్ కర్మాగారంలో తయారైంది. 1980లో ఆ కర్మాగారం మూతపడేనాటికి ఐదు లక్షలకు పైగా కార్లు బయటికి వెళ్ళాయి. ఇద్దరు కూర్చునే చిన్న కారు, ముందు పొడవైన బానెట్టు, తీసి మడవగల పైకప్పు. 1965లో గట్టి పైకప్పుతో జి.టి. అనే రూపం కూడా వచ్చింది.

భారతీయ పాఠకులకు ఈ కారు పరాయిది అనిపించవచ్చు. కాని దాని ఇంజను మనకు పరిచయమైన కుటుంబానికి చెందినదే. ఎన్నో ఏళ్ళు మన రోడ్లను ఏలిన అంబాసిడర్‌లోని 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బి-సిరీస్ అనే ఒకే వంశంలో పుట్టాయి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఎం.జి.బి. అంతకు 34 ఏళ్ళు ముందే ఆగింది. అయినా బ్రిటన్‌లో నేటికీ వేలాది ఎం.జి.బి.లు తిరుగుతున్నాయి. దాని విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. 1988 నుంచి మొత్తం బాడీని కూడా కొత్తగా తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. కాబట్టి ఈ కారు యజమాని ముందున్న ప్రశ్న "భాగం దొరుకుతుందా?" అన్నది కాదు, "ఏ భాగం మార్చాలి?" అన్నదే.

కాలి నుంచి ప్లేటు దాకా

వ్యాధి తెలియాలంటే ముందు శరీరం తెలియాలి. ఇంజను తిరుగుతూ ఉండగానే చక్రాలకు దానితో సంబంధం తెంపడం క్లచ్ చేసే పని. ఇంజను చివరనున్న బరువైన ఫ్లైవీలుకు, ప్రెషర్ ప్లేటుకు నడుమ క్లచ్ ప్లేటు బిగుసుకుని ఉంటుంది. డయాఫ్రం స్ప్రింగు దానిని అదిమి పట్టుకుంటుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు సడలుతుంది.

ఎం.జి.బి.లో పెడల్‌కు, ఆ స్ప్రింగుకు మధ్య తీగె లేదు. ద్రవం ఉంది. పెడల్ ఒక చిన్న పిన్ను ద్వారా కడ్డీని తోస్తుంది. ఆ కడ్డీ మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది. పిస్టన్ తోసిన ద్రవం సన్నని గొట్టం గుండా, చివర ఒక రబ్బరు హోస్ గుండా, గేరుబాక్సు పక్కన బిగించిన స్లేవ్ సిలిండర్‌కు చేరుతుంది. స్లేవ్ పిస్టన్ తన కడ్డీతో ఒక ఫోర్కును కదుపుతుంది. ఫోర్కు చివరనున్న కార్బన్ రిలీజ్ బేరింగు పోయి డయాఫ్రం స్ప్రింగును నొక్కుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం. స్లేవ్ సిలిండర్‌ది అంగుళంపావు. వైశాల్యాలలో చూస్తే స్లేవ్ దాదాపు 2.8 రెట్లు పెద్దది. అందువల్ల కాలి బలం అన్ని రెట్లు పెరుగుతుంది, కదలిక అన్ని రెట్లు తగ్గుతుంది. స్లేవ్ కడ్డీ అర అంగుళం కదలాలంటే మాస్టర్ పిస్టన్ దాదాపు 1.4 అంగుళాలు కదలాలి. ఆ అర అంగుళమే ఈ కథకంతటికీ మూలం. దానిలో కొంత తగ్గినా క్లచ్ పూర్తిగా విడిపోదు.

ముందు తివాచీ ఎత్తి చూడాలి

విచారణ కారు లోపల, చేతిలో స్పానర్ లేకుండానే మొదలుకావాలి. పాత కార్లకు ఇష్టంగా కొత్త తివాచీలు, మందపాటి మ్యాట్లు వేయిస్తుంటారు. పెడల్ నేల దాకా పోకుండా మ్యాటే అడ్డుపడుతుంటే, యంత్రంలో ఏ దోషం లేకపోయినా గేర్లు గరగరలాడతాయి. మ్యాటు తీసి మళ్ళీ తొక్కి చూడడానికి నిమిషం పట్టదు.

తివాచీ ఎత్తినప్పుడు అది తడిగా ఉందేమో కూడా చూడాలి. పెడల్ పైభాగాన, కడ్డీ సిలిండర్‌లోకి వెళ్ళేచోట వేలు పెట్టి చూస్తే జిడ్డుగా తడి తగిలిందా? తగిలితే మాస్టర్ సిలిండర్ రబ్బరు వాషరు దాటి ద్రవం వెనక్కి కారుతున్నదన్నమాట. బానెట్టు ఎత్తి, పెడల్ పెట్టె మీద రంగు పొక్కిందేమో చూడాలి. ఈ ద్రవం పడినచోట రంగు ఊడిపోతుంది. పొక్కిన రంగును మించిన సాక్షి ఉండదు.

ఆ తరువాత మాస్టర్ సిలిండర్ డబ్బా మూత తీసి ద్రవం మట్టం చూడాలి. క్లచ్ ద్రవం పెట్రోలు వలె ఖర్చయిపోయే వస్తువు కాదు. మట్టం పడిపోయిందంటే ఎక్కడో కారుతోంది. మళ్ళీ నింపి ఊరుకోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. కారు కింద స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును కొద్దిగా తొలగించి చూస్తే, లోపలి నుంచి ద్రవం జారి పడవచ్చు. అప్పుడు దోషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

పెడల్ భాష

తడి ఎక్కడా కనిపించకపోతే పెడల్‌నే అడగాలి. ప్రతి లక్షణానికీ ఒక అర్థం ఉంది.

పెడల్ మెత్తగా, స్పంజి తొక్కినట్లు ఉండి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతున్నదా? గొట్టంలో గాలి చేరింది. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. కాలు చేసిన పనిలో కొంత ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది.

తొక్కగానే గేరు చక్కగా పడి, అలాగే తొక్కిపట్టి ఉంచితే కొంతసేపటికి కారు కదలబోతున్నదా? బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు అరిగిందని దాదాపు నిర్ధారించుకోవచ్చు. ఒత్తిడికి ద్రవం పిస్టన్ పక్కనుంచి తిరిగి డబ్బాలోకే జారుకుంటోంది. చుక్క కూడా నేల మీద పడదు. అందుకే ఈ దోషం ఎక్కువ కాలం దాగి ఉంటుంది. మొదట చెప్పుకున్న పెద్దమనిషి కారు ఎర్రదీపం వద్ద చేసింది ఇదే.

పెడల్ తిరిగి పైకి రావడానికి బద్ధకిస్తున్నదా? పెడల్ స్ప్రింగు ఊడిందేమో, ఇరుసు ఎండిపోయిందేమో చూడాలి. అవి బాగుంటే రబ్బరు హోస్‌ను అనుమానించాలి. ఏళ్ళు గడిచిన హోస్ లోపల ఉబ్బి, దారి మూసుకుంటుంది. పైకి మాత్రం చక్కగానే కనిపిస్తుంది. కాలు బలంతో ద్రవం ముందుకు పోతుంది కాని, వెనక్కి రావడానికి దారి వెతుక్కుంటుంది.

పెడల్ ఏ అడ్డూ లేకుండా నేలకు పడిపోయిందా? ద్రవం పూర్తిగా పోయి ఉండాలి, లేదా కడ్డీ, పిన్ను వంటి భాగమేదో ఊడి ఉండాలి. అటువంటి కారును నడపకూడదు.

వీటికి భిన్నమైన లక్షణం ఒకటి ఉంది. పెడల్ బాగానే ఉంటుంది, గేర్లు మెత్తగా పడతాయి, కాని ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను శబ్దం పెరుగుతుంది తప్ప వేగం పెరగదు. ఇది క్లచ్ విడిపోకపోవడం కాదు, పట్టకపోవడం. ప్లేటు అరిగిపోయి ఉండవచ్చు, లేదా ఇంజను వెనుక నుంచి ఆయిలు కారి ప్లేటుకు అంటి ఉండవచ్చు. పెడల్ పూర్తిగా పైకి వస్తున్నదో లేదో ముందు చూసుకున్నాక, ఈ జబ్బుకు ఇంజను దించక తప్పదు.

రివర్సు గేరు పరీక్ష

క్లచ్ నిజంగా విడిపోతున్నదా అన్నది రివర్సు గేరు చెబుతుంది. ఎం.జి.బి. రివర్సు గేరుకు సింక్రోమెష్ సహాయం లేదు. కారుకు ముందూ వెనుకా మనుషులు లేని సమతల ప్రదేశంలో, చేతిబ్రేకు బిగించి, కాలిబ్రేకు కూడా తొక్కి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ పూర్తిగా తొక్కాలి. పది అంకెలు లెక్కపెట్టి రివర్సు వేయాలి. చప్పుడు లేకుండా పడితే క్లచ్ విడిపోతున్నట్లే. గరగరమంటే లోపల ప్లేటు ఇంకా తిరుగుతున్నట్లే. పెడల్ వదలకుండా మరో నిమిషం ఉంచి మళ్ళీ ప్రయత్నించాలి. మొదట నిశ్శబ్దంగా పడి, తరువాత గరగరమంటే ఒత్తిడి జారిపోతోందని అర్థం.

మొదటి గేరుతో మాత్రం ఈ తీర్పు చెప్పకూడదు. 1967 చివరి వరకు వచ్చిన ఎం.జి.బి.లలో మొదటి గేరుకు కూడా సింక్రోమెష్ లేదు. కారు పూర్తిగా ఆగకముందే మొదటి గేరు వేస్తే అది అరవడం సహజం. ఆ అరుపుకు క్లచ్‌ను నిందించి లాభం లేదు.

అర అంగుళం తీర్పు

ఇప్పుడు అన్నిటికన్నా విలువైన పరీక్ష. దీనికి కావలసినవి ఒక స్కేలు, ఒక సహాయకుడు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. కారును జాకీతో ఎత్తి, గట్టి స్టాండుల మీద నిలపాలి. కేవలం జాకీని నమ్మి కారు కింద దూరడం ప్రాణంతో చెలగాటం.

సహాయకుడు పెడల్‌ను నేల దాకా తొక్కుతుండగా, స్లేవ్ సిలిండర్ కడ్డీ ఎంత దూరం బయటికి వస్తున్నదో కొలవాలి. దాదాపు అర అంగుళం రావాలి.

అర అంగుళం వస్తున్నా గేర్లు గరగరమంటుంటే, కాలి నుంచి స్లేవ్ దాకా ఉన్న భాగాలన్నీ నిర్దోషులు. జబ్బు గేరుబాక్సు ముందున్న బెల్ హౌసింగు లోపల ఉంది. కడ్డీ అంతకన్నా గణనీయంగా తక్కువ కదులుతుంటే, ఇంజను జోలికి పోనవసరం లేదు. దోషం బయటే ఉంది. ఇంత స్పష్టంగా రెండుగా చీల్చి చెప్పే పరీక్ష మరొకటి లేదు. ఇది చేయకుండా ఇంజను దించమనే సలహాను ఎవరిచ్చినా వెంటనే ఒప్పుకోనక్కరలేదు.

కదలిక ఎందుకు తగ్గుతుంది? గాలి, కారుడు అన్నవి ఇదివరకే చెప్పుకున్నాం. మూడవది తరచు మరచిపోయేది: పెడల్‌ను మాస్టర్ సిలిండర్ కడ్డీతో కలిపే పిన్ను. చిటికెన వేలంత కూడా లేని ఆ ఉక్కుముక్క వేలసార్లు తొక్కుడు భరించి ఒకవైపు గాడిపడుతుంది. పెడల్‌లోని రంధ్రం గుండ్రని రూపం పోయి కోడిగుడ్డు ఆకారం దాలుస్తుంది. ఈ రెండింటిలో కలిసి అంగుళంలో ఎనిమిదో వంతు అరిగితే, మాస్టర్ పిస్టన్ 1.4 అంగుళాల ప్రయాణంలో దాదాపు పదో వంతు పోయినట్లే. స్లేవ్ వద్ద కూడా అదే పదో వంతు తగ్గుతుంది. కాలికి మాత్రం అది "పెడల్ కొంచెం వదులుగా ఉంది" అన్నంతే తోస్తుంది. చేత్తో పెడల్‌ను మెల్లగా ఆడించి, కడ్డీ కదలకముందు అది ఎంత ఖాళీగా ఆడుతున్నదో చూస్తే పిన్ను కథ తెలిసిపోతుంది. పిన్ను మార్చడం చౌక. రంధ్రానికి లోహం పోసి మళ్ళీ తొలచడమో, పెడల్ మార్చడమో కూడా ఇంజను దించడంతో పోలిస్తే చిన్నపనే.

గూటి లోపల ఉన్నప్పుడు

అర అంగుళం సరిగా ఉండి కూడా క్లచ్ విడిపోకపోతే, దాగిన కారణాలు కొన్ని ఉన్నాయి. ఫోర్కు ఇరుసు అరిగి ఉండవచ్చు. కార్బన్ బేరింగు అరిగి, పట్టీ దాకా వచ్చి ఉండవచ్చు. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే వినిపించే గీరుడు శబ్దం దాని గుర్తు. ప్లేటు వంగి ఉండవచ్చు. క్రాంక్‌షాఫ్ట్ చివరనున్న కంచు బుష్ గేరుబాక్సు షాఫ్టును గట్టిగా పట్టుకుంటే, క్లచ్ విడిపోయినా ఆ షాఫ్టు ఇంజనుతో పాటు తిరుగుతూనే ఉంటుంది.

చాలాకాలం షెడ్డులో నిలిచిపోయిన కార్లలో మరో విచిత్రం ఉంది. తేమకు ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. నిన్నటి వరకు బాగున్న కారు కాదది, ఏళ్ళ తరబడి కదలని కారు. ఒక కర్రతో పెడల్‌ను తొక్కిన స్థితిలో ఒకటి రెండు రాత్రులు ఉంచితే అది ఊడిరావచ్చు. ఊడితే ఇంజను దించే పని తప్పుతుంది.

తప్పనప్పుడు మాత్రం ఎం.జి.బి.లో పని పెద్దదే. క్లచ్ ప్లేటు మార్చడానికి గేరుబాక్సును కింద నుంచి లాగడం ఈ కారులో కుదరదు. ఇంజనును పై నుంచి ఎత్తవలసిందే. అందుకే ఒకసారి దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చడం, కంచు బుష్‌ను చూసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. బ్రిటన్‌లో దాని వాడకాన్ని 1999లో పూర్తిగా నిషేధించారు. ఏనాటిదో తెలియని ప్లేటు బయటపడినప్పుడు ఆ ధూళిని గాలితో ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, సంచిలో కట్టి పారవేయాలి.

ద్రవం విషయంలో మూడు మాటలు

మన మెకానిక్కులు "బ్రేక్ ఆయిల్" అనే ద్రవమే ఇక్కడా వాడతారు. పేరులో ఆయిల్ ఉన్నా అది నూనె కాదు. పొరపాటున ఇంజను ఆయిలు పోస్తే రబ్బరు వాషర్లన్నీ ఉబ్బి చెడిపోతాయి. రెండవది, ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ సిలిండర్ గోడలను లోపల తుప్పుపట్టిస్తుంది, గరుకైన గోడ కొత్త వాషరును కూడా కోస్తుంది. అందుచేత రెండేళ్ళకోసారైనా ద్రవాన్ని మార్చడం మంచిది. తేమ పీల్చని సిలికోన్ ద్రవం కూడా దొరుకుతుంది కాని, దానిని పాత ద్రవంతో కలపకూడదు.

మూడవది గాలి తీయడం. పై నుంచి పెడల్ కొడుతూ కింద నిప్పల్ విప్పడం మామూలు పద్ధతి. ఎం.జి.బి.లో ఎంత కొట్టినా గాలి పోని సందర్భాలు ఉంటాయి. అప్పుడు అనుభవం గలవారు కింది స్లేవ్ నిప్పల్ నుంచి ద్రవాన్ని మెల్లగా పైకి ఎక్కిస్తారు. బుడగ స్వభావం పైకి పోవడమే గనుక అది ద్రవంతో పాటు డబ్బాలోకి వచ్చేస్తుంది. మాస్టర్, స్లేవ్ రెండూ ఒకే వయసువైతే రెండింటినీ ఒకేసారి బాగుచేయించుకోవడం మేలు. ఒకదానికి బలం వస్తే రెండవదాని బలహీనత బయటపడుతుంది.

తిరిగి ఎర్రదీపం వద్దకు

మొదట ఊహించుకున్న పెద్దమనిషి ఈ వరుసనే అనుసరించాడనుకుందాం. తివాచీ పొడిగా ఉంది. రివర్సు గేరు మొదట నిశ్శబ్దంగా పడింది, నిమిషం తరువాత గరగరమంది. స్కేలు పట్టి కొలిస్తే స్లేవ్ కడ్డీ అర అంగుళానికి తక్కువే కదిలింది, పెడల్ పట్టుకుని ఉన్నకొద్దీ మెల్లగా వెనక్కి జారింది. పెడల్ వద్ద పిన్ను తీసి చూస్తే మధ్యలో లోతైన గాడి. అరిగిన పిన్ను మిగులును తినేసింది, అరిగిన వాషరు మిగిలినదాన్ని జారవిడిచింది. రెండు చిన్న దోషాలు కలిసి ఒక పెద్ద ప్రమాదం వైపు నడిచాయి. మాస్టర్ సిలిండర్, పిన్ను మార్చి, గాలి తీయగానే క్లచ్ మళ్ళీ చక్కగా విడిపోయింది. ఇంజను తన చోటి నుంచి కదలలేదు.

ఒక్కటి మాత్రం ఏ విడిభాగాల దుకాణంలోనూ దొరకదు. అది అలవాటు. ఎర్రదీపం వద్ద గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేతిబ్రేకు వేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసివేయాలి. తొక్కిపట్టినంతసేపూ కార్బన్ బేరింగు అరుగుతూనే ఉంటుంది, వాషరు ఒత్తిడి భరిస్తూనే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, ఎదుట తెల్లచారల మీద నడిచే పిల్లవాడి క్షేమం ఒక అరిగిన రబ్బరు ముక్క మీద ఆధారపడకూడదు.